ఢిల్లీ నగరమున పునరుత్థాన విశ్వాసము

పాత ఢిల్లీని చుట్టివచ్చువానికి మృత్యువును గూర్చిన మూడు భావములు మూడు తావుల గోచరించును. తూర్పున యమునాతీరమందు నిగమబోధ్ ఘాటున చితులు నిత్యము మండుచుండును. అచట దేహము పంచభూతములకు అప్పగింపబడును. జీవుడు కర్మానుసారముగా ముందునకు సాగునని అప్పగించువారి నమ్మకము. దక్షిణమున ఢిల్లీ గేటుకు ఆవల మెహందియాన్ ఖబరస్తానున షా వలీవుల్లా (1703-1762) వంటి విద్వాంసులు మక్కా దిక్కునకు మొగము త్రిప్పి శయనించియున్నారు. వారు ఎదురుచూచునది కయామత్ దినము. ఉత్తరమున కాశ్మీరీ గేటు వెలుపల 1857లో ఏర్పడిన నికల్సన్ శ్మశానవాటిక కలదు. అచట ఆంగ్ల సైనికుల సమాధులును, కాలక్రమమున చేరిన భారతీయ క్రైస్తవుల సమాధులును ఒకే ప్రాకారములోపల ఉన్నవి. అచట తమవారిని మట్టిలో పెట్టినవారు ఆ కార్యమును విత్తు నాటుటగా భావించిరి.

ఈ మూడవ భావము, అనగా క్రైస్తవుల పునరుత్థాన నిరీక్షణ, శిలాఫలకములపై చెక్కిన అక్షరములుగా మాత్రమే ఈ నగరమున మిగిలియుండలేదు. 1857లో అది ఇచట ఒక కఠిన పరీక్షకు లోనయ్యెను. ఆ పరీక్షకు నిలిచినవాడు ఒక గణితశాస్త్రజ్ఞుడు. పరీక్షకు గురిచేసినవారు ఆయన మతస్థులే. క్రీస్తు పునరుత్థానమున విశ్వాసులందరు సమముగా పాలుపొందుదురని నమ్మినచో, ఆ పాలివారి నడుమ మేనిచాయను బట్టియు పుట్టుకను బట్టియు హెచ్చుతగ్గులు ఎట్లు చెల్లును? ఢిల్లీ క్రైస్తవ చరిత్రలో ఈ ప్రశ్న అడుగడుగున తలయెత్తినది. దాని కథ తెలియుటకు ముందు ఆ నిరీక్షణ ఎచట పుట్టినదో చూడవలెను.

మృతులు లేచుదురను భావము క్రైస్తవముతో ఆరంభమైనది కాదు. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమున సిరియా ప్రభువు ఆంటియోకస్ యూదుల ధర్మమును రూపుమాప బూనెను. ధర్మమును విడువనొల్లక అనేకులు ప్రాణములు విడిచిరి. అప్పుడు యూదుల మనస్సులలో ఒక సంశయము మెదలెను. ధర్మమును పాటించినవాడు మట్టిలో కలసిపోయి, దానిని కాలరాచినవాడు సింహాసనముపై కూర్చుండుటయేనా దైవన్యాయము? ఆ కాలపు సంకటము నుండి వెలువడిన దానియేలు గ్రంథమునను, మక్కబీయుల చరిత్రలోను మృతుల పునరుత్థానము స్పష్టముగా గోచరించును. ఈ విశ్వాసమునకు మూలము చావునందలి భయము కాదు, అన్యాయమును చూచి కలిగిన ఆవేదన. యేసు జీవించిన కాలమునకు పరిసయ్యులు దానిని అంగీకరించిరి; సద్దూకయ్యులు నిరాకరించిరి.

శిలువ వేయబడిన యేసు మూడవ దినమున లేచెనని శిష్యులు చాటినపుడు ఆ పాత భావమునకు క్రొత్త రూపు ఏర్పడెను. యుగాంతమున అందరికి సంభవింపవలసినది ఒక్కనియందు ముందుగా సంభవించినదని వారి ప్రకటన. సుమారు క్రీస్తుశకము 55 ప్రాంతమున పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన లేఖలో క్రీస్తును తొలిపంటగా వర్ణించెను. తొలిపన ఇల్లు చేరినదనగా తక్కిన చేను కోతకు సిద్ధమగుచున్నదని రైతు ఎరుగును. రోమీయులకు వ్రాసిన లేఖలో ఆయన మరియొక అడుగు ముందునకు వేసెను. బాప్తిస్మమున నీటిలో మునుగుట క్రీస్తుతో కూడ సమాధియగుట. పైకి లేచుట ఆయనతో కూడ నూతన జీవమున నడచుట. కావున ఈ జీవము సమాధికి ఆవలి ఒడ్డున వేచియున్నది మాత్రమే కాదు. ఈ ఒడ్డుననే మొదలు కావలసినది. పాలుపొందుట అను మాట యొక్క బరువంతయు ఇచటనే ఉన్నది.

ఈ భావమునకు భాషలు ఎన్నుకొన్న పదములు గమనింపదగినవి. గ్రీకు భాషలోని 'అనస్తాసిస్' అను పదమునకు పైకి లేచి నిలుచుట అని అర్థము. అరబ్బీ పదమైన 'కియామ' నిలుచుట అను ధాతువునుండియే పుట్టినది. యెరూషలేములో క్రీస్తు సమాధిపై వెలసిన దేవాలయమును అరబ్బు క్రైస్తవులు ఆ పేరుతోనే పిలుతురు. ఉర్దూ కవులు ప్రియురాలి నడకను వర్ణించుటకును, మహావిపత్తును చెప్పుటకును ఆ పదమునే కయామత్ అని వాడిరి. సంస్కృతమున ఉత్థానమనగా లేచి నిలుచుట. తెలుగు క్రైస్తవులు 'పునరుత్థానము' అను పదమును స్వీకరించిరి. మూడు భాషలు ఎరుగకయే ఒక్క చిత్రమును గీసినవి: పడియున్న మనుజుడు కాళ్లపై నిలుచుండుట.

అయితే తెలుగువాని చెవికి ఆ పదము సోకగానే పునర్జన్మ స్ఫురించుట సహజము. రెంటికిని భేదము పెద్దది. పునర్జన్మలో జీవుడు దేహమును విడిచి వేరొక దేహమును పొందును. కర్మ అతనికి దారి చూపును. పునరుత్థానమున ఆ మనుజుడే, ఆ పేరుతోనే, రూపాంతరము చెందిన దేహముతో లేచును. అది ఆర్జితము కాదు, వరము. ఈ సూక్ష్మమును తెలుగున చెప్పు యత్నము 19వ శతాబ్దపు ఆరంభముననే మొదలైనది. విశాఖపట్టణమున డెస్ గ్రాంజెస్ అను మిషనరీ, ఆనందరాయలు అను పండితుని సాయముతో అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. తరువాత పురుషోత్తమ చౌదరి (1803-1890) రచించిన కీర్తనల మూలమున ఆ నిరీక్షణ రాగతాళములు నేర్చి, పల్లెల ప్రార్థనశాలలకు చేరెను.

తెలుగునాట ఆ నిరీక్షణ పాటగా మారుచుండగా, ఢిల్లీలో దానికి ఒక గుమ్మటము కట్టు యత్నము జరుగుచుండెను. కాశ్మీరీ గేటు లోపల కర్నల్ జేమ్స్ స్కిన్నర్ తన సొంత ధనముతో కట్టించిన సెయింట్ జేమ్స్ దేవాలయము 1836 నవంబరు 21న ప్రతిష్ఠింపబడెను. స్కిన్నర్ తండ్రి స్కాట్లండువాడు; తల్లి రాజపుత్ర స్త్రీ. మిశ్రజాతివాడగుటచే కంపెనీ సైన్యమున క్రమబద్ధమైన అధికారపదవికి ఆయన తొలుత నోచుకొనలేదు. స్వయముగా ఆశ్వికదళమును సమకూర్చి కీర్తి గడించెను. 1841లో హాన్సీలో మరణించిన ఆయన అస్థికలను మరుసటి ఏట తెచ్చి ఈ దేవాలయముననే ఉంచిరి. పుట్టుక మూలమున తిరస్కారమును ఎరిగినవాడు కట్టిన ఆలయముననే ఈ కథ ముందునకు సాగుట విశేషము.

ఆ కాలమున ఢిల్లీ కళాశాల ఉత్తరభారతమున ఒక నూతన చైతన్యమునకు కేంద్రము. పాశ్చాత్య శాస్త్రములను ఉర్దూ మాధ్యమమున బోధించుట దాని ప్రత్యేకత. పానిపట్టులో 1821లో కాయస్థ కుటుంబమున జన్మించిన రామచంద్ర 1844 నుండి అచట గణితమును, శాస్త్రములను బోధించెను. ఉర్దూ పత్రికలు నడపి విజ్ఞానమును సామాన్యులకు అందించెను. కలనగణితముతో పని లేకయే బీజగణితముతో గరిష్ఠ కనిష్ఠ విలువలను సాధించు పద్ధతిపై ఆయన రచించిన గ్రంథము 1850లో కలకత్తాలో వెలువడెను. లండను గణితాచార్యుడు డి మోర్గన్ దాని విలువను గుర్తించి 1859లో తన పీఠికతో అచట మరల ప్రకటింపజేసెను.

1852లో రామచంద్రయు, ఢిల్లీలో వైద్యుడుగా పేరొందిన చమన్ లాలును బాప్తిస్మము పొందిరి. నగరము దిగ్భ్రాంతి చెందెను. గౌరవనీయులైన ఇద్దరు విద్యావంతులు, ఎవరి ఒత్తిడియు లేక, కులమును బంధుత్వమును పణముగా పెట్టి మతము మార్చుకొనుట అచటివారికి ఊహకందని విషయము. తల్లిదండ్రులు కళాశాలనుండి పిల్లలను మాన్పించుకొనిరి. పౌలు చెప్పిన సమాధియగుట అనుమాట రామచంద్ర విషయమున అలంకారము కాలేదు. పాత జీవితమున ఆయనకు గల స్థానము నిజముగా అస్తమించినది. క్రొత్త జీవితమున స్థానము ఏమో ఇంకను తేలలేదు.

అయిదేండ్లలో అది తేలు దినము వచ్చెను. 1857 మే 11న మీరటు నుండి వచ్చిన సిపాయిలు నగరమున ప్రవేశించిరి. దరియాగంజిలోని తన వైద్యశాల ముందు చమన్ లాలు వధింపబడెను. బాప్టిస్టు మిషనులో బోధకుడుగా నుండిన విలాయత్ అలీ సైతము ఆనాటి కల్లోలమున ప్రాణములు కోల్పోయెను. వీరు భారతీయులే, వీరి భాష నగరపు భాషయే, వీరి మతము మాత్రము పాలకుల మతము. తిరుగుబాటు చేసినవారి కన్నులకు ఆ భేదము చాలినది. రామచంద్ర తనవారి సాయముతో దాగి, నగరము దాటి ఒక పల్లెలో తలదాచుకొని, తుదకు ఆంగ్లేయుల శిబిరము చేరెను. అచట ఆయనకు అనువాదకుని పని దొరకెను.

సెప్టెంబరు 14న నగరముపై దాడి ఆరంభించిన ఆంగ్లసేనలు వారము తిరుగక మునుపే నగరమును వశపరచుకొనెను. తరువాత జరిగిన ప్రతీకారము ఢిల్లీ మరువలేనిది. దోషులు, నిర్దోషులు అను వివక్షత లేక వందలాది జనులు వధింపబడిరి. మిగిలినవారు ఇండ్లు విడిచి వెలుపలి మైదానములలో చలికి వణకిరి. కవులు మహావిపత్తుకు వాడిన కయామత్ అను మాట ఆ శరత్కాలమున ఢిల్లీ వీధులకు అక్షరార్థమున సరిపోయెను.

నగరమునకు తిరిగివచ్చిన రామచంద్ర కొల్లసొత్తును లెక్కించు అధికారుల క్రింద ఉద్యోగము చేయుచుండెను. దారిన పోవుచున్న ఆయనపై కొందరు ఆంగ్లాధికారులు మట్టియుండలు విసరిరి. వందనము చేసినను ఒక అధికారి కఱ్ఱతో ఆయన తలపై మోదెను. తాను ప్రభుత్వోద్యోగినని, క్రైస్తవుడనని చెప్పినను ఫలము లేకపోయెను. అప్పుడు ఆయన సైనిక పాలనాధికారియైన కర్నల్ బర్నునకు ఒక విన్నపము వ్రాసెను. ఢిల్లీ క్రైస్తవ చరిత్రలో దానికి సాటివచ్చు పత్రము మరియొకటి లేదు.

అందలి సారాంశమిది. తిరుగుబాటుదారుల చేత చిక్కిన దేశీయ క్రైస్తవునికి ఒక ఓదార్పు కలదు. విశ్వాసము నిమిత్తము తనను చంపుదురు. తొలినాటి అపొస్తలులు, హతసాక్షులు పోయిన దారిన తానును పోవును. కాని తన తోటి క్రైస్తవుడగు అధికారియే, తాను ఇంగ్లండున పుట్టలేదనియు, తన మేను తెల్లగా లేదనియు తప్ప వేరు హేతువు లేక, తనను చంపబోయినచో అతనికి ఓదార్పు ఎచటనుండి కలుగును?

ఈ విన్నపమున ప్రాణభయము లేదు. తర్కము కలదు. గణితజ్ఞుడు తన విశ్వాసమును ఒక ప్రతిపాదనవలె పరీక్షించి, అది ఎచట నిలుచునో, ఎచట విఫలమగునో చూపెను. హతసాక్షి మరణమునకు అర్థము నిచ్చునది పునరుత్థాన నిరీక్షణయే. మక్కబీయుల కాలమున ఆ నిరీక్షణ పుట్టుటకు కారణమును అదియే. దానితో రామచంద్ర మృత్యువును ఎదుర్కొనగలడు. కాని ఆ నిరీక్షణలో తనతో పాలుపొందవలసినవారే తనను పాలివానిగా ఎంచనపుడు, ఆ ఆధారమే కదలిపోవును. చమన్ లాలు మరణము ఆ విశ్వాసమును గాయపరుపలేదు. ఆ కఱ్ఱదెబ్బ గాయపరచెను.

ఆయన విశ్వాసమును విడువలేదు. రూర్కీలోను, మరల ఢిల్లీలోను ఉపాధ్యాయుడై, తరువాత పటియాలా సంస్థానమున విద్యాశాఖను నిర్వహించి 1880లో కన్నుమూసెను. ఉత్తరకాలమున ఆయన ఇస్లాముపై వ్రాసిన ఖండనగ్రంథములు పరమతస్థులకు బాధ కలిగించినవే. చరిత్రకారుడు దానిని దాచరాదు. అయినను ఆయన శిష్యుడగు జకావుల్లా (1832-1910) తన ఇస్లాము ధర్మమున స్థిరముగా నుండి ఉర్దూలో గణితగ్రంథములను, చరిత్రలను విరివిగా రచించెను. గురువు నాటిన విత్తులలో కొన్ని ఆయన ఎంచుకొనని చేనిలో పండినవి.

విన్నపము వ్రాసిన నాడు రామచంద్ర అడిగిన ప్రశ్నకు సమాధానము వచ్చుటకు దాదాపు ఏబది ఏండ్లు పట్టెను. 1857 తరువాత ఢిల్లీ మిషను మరల తలయెత్తి, తన దేవాలయమునకు తొలి క్రైస్తవ హతసాక్షియగు స్తెఫను పేరు పెట్టెను. 1881లో స్థాపింపబడిన సెయింట్ స్టీఫెన్స్ కళాశాల ఆ పేరునే ధరించెను. కాశ్మీరీ గేటులో, స్కిన్నర్ కట్టించిన దేవాలయమునకు చేరువనే, దానికి భవనము లేచెను. 1904లో సి. ఎఫ్. ఆండ్రూస్ (1871-1940) అధ్యాపకుడుగా అచటకు వచ్చెను. 1906లో ప్రధానాచార్యపదవి ఖాళీయైనపుడు అది ఆంగ్లేయునికే చెందవలెనను అభిప్రాయము బలముగా నుండెను. అప్పటికి ఇరువది ఏండ్లుగా అచట బోధించుచున్న సుశీల్ కుమార్ రుద్ర వంగదేశపు క్రైస్తవుడు. ఆ పదవి తనకు వలదనియు, రుద్రకే న్యాయముగా చెందవలెననియు ఆండ్రూస్ పట్టుబట్టెను. రుద్ర ప్రధానాచార్యుడయ్యెను, ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రధానాచార్యుడు ఆయనయే.

ఇది ఒక ఉద్యోగ నియామకమే గదా అని తేలికగా ఎంచరాదు. కఱ్ఱ ఎత్తిన చేయి ఏ విశ్వాసమునకు చెందినదో, ఆసనమును విడిచి ప్రక్కకు జరిగిన చేయియు ఆ విశ్వాసమునకే చెందినది. నూతన జీవము ఈ ఒడ్డుననే మొదలు కావలెనని పౌలు చెప్పినదానికి ఇట్టి నిదర్శనమే తగినది. తెల్ల మేనివాడు తనకు అందుబాటులోనున్న హెచ్చును వదలుకొనుట ఆయనకొక చిన్న మరణము. ఆ సంఘమునకు ఒక చిన్న ఉత్థానము. జకావుల్లా వార్ధక్యమున ఆయనకు సన్నిహితమిత్రుడైన ఆండ్రూస్, తరువాత 1929లో ఆ పెద్దాయన జీవితచరిత్రను ప్రకటించుట, రామచంద్ర కాలముతో ఈ కాలమును ముడివేసిన మరియొక దారము.

రుద్ర ఇంటి గుమ్మము దేశచరిత్రకును గుమ్మమయ్యెను. 1915లో గాంధీజీ ఢిల్లీకి వచ్చినపుడు బస చేసినది ఆయన ఇంటనే. ఖిలాఫతు విషయమున వైస్రాయికి వ్రాసిన లేఖ ఆ కప్పు క్రిందనే రూపుదిద్దుకొనెను. 1925లో రుద్ర మరణించినపుడు గాంధీజీ తన పత్రికలో ఆ ఉపకారములను స్మరించెను. పాలకుల మతమునకు చెందినవాడని ఒకనాడు భారతీయ క్రైస్తవుని అనుమానించిన నగరముననే, ఒక భారతీయ క్రైస్తవుని ఇల్లు స్వాతంత్ర్యోద్యమమునకు నీడ నిచ్చినది.

తెలుగు సాహిత్యమునకు సంబంధించిన ఘట్టము ఒకటి ఈ నగరముననే జరుగవలసియుండెను. 1964లో గుఱ్ఱం జాషువా (1895-1971) రచించిన 'క్రీస్తు చరిత్ర' సాహిత్య అకాడమీ పురస్కారమునకు ఎన్నికయ్యెను. వినుకొండలో పుట్టిన జాషువాకు కవిసభలలో జరిగిన అవమానములు తెలుగు పాఠకలోకము ఎరిగినవే. రామచంద్రకు మేనిచాయ అడ్డు వచ్చినది. జాషువాకు కులము అడ్డు వచ్చినది. ఇద్దరిని అవమానించినవారు వేరైనను, గాయము ఒక్కటే. మంచముపై నున్న మహాకవి రచనలకు గాక, పుట్టుక తక్కువయని పంక్తినుండి లేపబడిన కవి రచనకు ఢిల్లీనుండి వచ్చిన ఆ గౌరవము సాహిత్యలోకమున స్థానమును మరల నిర్ణయించినది.

జాషువా 'శ్మశానవాటి' పద్యములు సత్యహరిశ్చంద్ర నాటకపు కాటిసీనున నటుల నోట పడి, చదువు రానివారికి సైతము కంఠస్థమైనవి. రాజును పేదయు, అగ్రజుడును అంత్యజుడును అచట ఒక్క మట్టియగుదురన్న భావము ప్రేక్షకుని కంట నీరు తెప్పించును. అయితే మృత్యువు కల్పించు సమత్వము ఎవరి త్యాగమును కోరదు; అది అందరిని సమముగా పడగొట్టును. పునరుత్థానము చెప్పు సమత్వము వేరు. అది అందరిని సమముగా నిలువబెట్టును. మొదటిదానిని సమ్మతించుట సులభము. శ్మశానమున హెచ్చుతగ్గులు లేవని అంగీకరించినవాడు ఇంటికి వచ్చి వానిని పాటింపవచ్చును. రెండవదానిని సమ్మతించినవాడు ఇంటిలోనే, పంక్తిలోనే, పదవిలోనే దానికి వెల చెల్లింపవలెను. శ్మశానవాటిని వ్రాసిన కవియే క్రీస్తు చరిత్రనును వ్రాయుట ఈ రెంటి నడుమనున్న దూరమును కొలిచినట్లున్నది.

తెలుగునాట క్రైస్తవులు పలుతావుల ఈస్టరు వేకువను సమాధుల పండుగగా జరుపుకొందురు. ముందుగానే సమాధులను శుభ్రపరచి సున్నము కొట్టుదురు. చీకటి విడువక మునుపే పూలు, క్రొవ్వొత్తులు తీసికొని కుటుంబములతో వత్తురు. చనిపోయిన తాతను గూర్చి మనుమనికి అచటనే చెప్పుదురు. దుఃఖమునకు పండుగయని పేరు పెట్టుటకు ఆ నిరీక్షణయే ధైర్యము నిచ్చినది.

ఢిల్లీలో సెయింట్ జేమ్స్ దేవాలయపు గోడపై 1857 నాటి మృతుల స్మారకములలో చమన్ లాలు పేరు గల ఫలకము నేటికిని ఉన్నది. ఆంగ్లేయుల పేర్లు చెక్కిన ఫలకములు ఏ గోడపై ఉన్నవో, ఆ గోడపైననే అదియు ఉన్నది. ఆయన మిత్రుడు కఱ్ఱదెబ్బలు తిని కోరినది అంతకంటె అధికమైనదేమియు కాదు: మృతులకు ఆ గోడపై దొరకిన చోటు, బ్రదికియున్నవారికి వీధిలో దొరకవలెనని.